పని గురించి 3 ప్రశ్నలు, ఇంటి గురించి 11 - ఉద్యోగం వెతుక్కున్న నా అనుభవం

2023 జూన్‌లో నేను మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టా. పాపని ఎల్‌కేజీలో వేశాం, పొద్దున 9 కి వెళ్తే సాయంత్రం 4 దాకా స్కూల్లోనే ఉంటది, ఆ తర్వాత నేను చూసుకుంటాలే అని మా అత్తయ్య గారు అన్నారు, ఇంకెందుకు ఇంట్లో కూర్చుని వచ్చిన పని మర్చిపోవడం అనిపించింది. బీకామ్ చేసి గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర ఐదేళ్ళు పనిచేశా. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ ఆఫీసులో ఉన్నది నలుగురం, మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల దగ్గర్నించి మందుల షాపుల దాకా అందరి రిటర్నులూ మేమే వేసేవాళ్ళం, సైట్ తెరుచుకోక రాత్రి 10 దాకా కూర్చున్న రోజులు ఎన్నో. టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, జీఎస్టీ, టీడీఎస్, పీఎఫ్, ఈఎస్ఐ, ఇవన్నీ నాకు చేతిలో పని. మధ్యలో మూడున్నరేళ్ళ గ్యాప్ ఉంది, అది నిజమే, దాని గురించి అడుగుతారని ప్రిపేర్ అయి వెళ్ళా. అడిగింది మాత్రం వేరే.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే ఆ తర్వాత రెండేళ్ళకి నేనే ఒకళ్ళని ఉద్యోగంలోకి తీసుకునే కుర్చీలో కూర్చోవాల్సొచ్చింది, అప్పుడు నా చేత్తో నేను చేసిన పని ఒకటుంది, అది రాయకుండా మిగతాది రాస్తే సగమే చెప్పినట్టు.

మొదట ఫోన్ల దగ్గర్నించి చెప్తా. గుంటూరు-విజయవాడ జాబ్స్ అని వాట్సాప్ గ్రూపులు బోలెడున్నాయి కదా, వాటిల్లో వచ్చే మెసేజీలు చూడండి ఒక్కరోజు. అకౌంటెంట్ కావలెను, టాలీ జీఎస్టీ వచ్చి ఉండాలి, మేల్ ఓన్లీ. స్టోర్స్ ఇన్‌ఛార్జ్, మేల్ ఓన్లీ. దాని కిందే టెలికాలర్స్ కావలెను, ఫీమేల్ ఓన్లీ, రిసెప్షనిస్ట్ ఫీమేల్, 25 లోపు వయసు. బీసెంట్ రోడ్డులో బట్టల షాపుల అద్దాల మీద సేల్స్‌గర్ల్స్ కావలెను అని పేపరు అంటించి ఉంటది, లోపలికెళ్తే క్యాష్ కౌంటర్‌లో మాత్రం ఎప్పుడూ మగమనిషే. ఇవి నేను పుట్టినప్పట్నించీ చూస్తున్నవే, నాకు అవసరం పడేదాకా కళ్ళకి ఆనలేదు.

మేల్ ఓన్లీ అన్నదానికే ఒకదానికి ఫోన్ చేశా. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, "మగపిల్లాడైతే బాగుంటదమ్మా, బ్యాంకుకి వెళ్ళాలి, పార్టీల దగ్గరికి కలెక్షన్‌కి వెళ్ళాలి, మీ తమ్ముళ్ళు ఎవరన్నా ఉంటే పంపించు" అన్నాడు. నాకు స్కూటీ ఉంది, డ్రైవింగ్ లైసెన్స్ ఉంది, ఆడిటర్ గారి దగ్గర ఉన్నప్పుడు ట్యాక్స్ ఆఫీసుకి ఫైళ్ళు పట్టుకుని తిరిగిందే నేను. బండి వచ్చా అని ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని. మా తమ్ముడికి టాలీ రాదు, వాడు ఎంపీసీ.

రెండోది గుంటూరు బయట ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఆయన పెద్దాయన, మంచాయన, అది ముందే చెప్తున్నా. వెళ్ళగానే మజ్జిగ ఇప్పించారు, ఫ్యాన్ ఇటు తిప్పించారు. ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడారు. మీ ఆయన ఏం చేస్తారమ్మా, పాప ఎవరి దగ్గర ఉంటది, అత్తగారు ఒప్పుకున్నారా, ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంటది, పాపకి జ్వరం వస్తే ఎట్లా, సొంతిల్లేనా, మీ ఆయన జీతం సరిపోవట్లేదా, ఇంకో బిడ్డని కంటారా, ఇట్లా సాగింది. మధ్యలో టాలీ ఏ వెర్షన్ వచ్చు, సరుకు రవాణాకి ఈవే బిల్ చేశావా, ఎక్కడ చేశావు, ఈ మూడు అడిగారు. చివర్లో "మా అమ్మాయి లాంటిదానివి కాబట్టి చెప్తున్నా, ఇక్కడంతా హమాలీలు, లారీ డ్రైవర్లు, సీజన్‌లో రాత్రి దాకా లోడింగులు, ఆ ఘాటు, నీకెందుకమ్మా ఈ ఇబ్బంది" అన్నారు.

బయటికొస్తే షెడ్డు కింద ముప్పై నలభై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ముక్కుకి కొంగు కట్టుకుని, చేతులు మండుతుంటే పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టుకుని. అదే ఘాటు, అదే లారీలు, అదే హమాలీలు. వాళ్ళని తీసుకునేటప్పుడు నీకెందుకమ్మా ఇబ్బంది అని ఎవరూ అనలేదు, ఆ పనికి ఆడవాళ్ళే కావాలి. ఆఫీసు గదిలో కూర్చుని కంప్యూటర్ మీద పనిచేసేదానికి మాత్రం నా ఇబ్బంది గుర్తొచ్చింది. ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డంతసేపూ నాకు అదే తిరుగుతుంది బుర్రలో, ఆయన మీద కోపం కూడా సరిగ్గా రాలేదు, ప్రేమగానే చెప్పాడాయన, ప్రేమగా చెప్పేసరికి ఏం సమాధానం చెప్పాలో తెలీదు.

ఆరోజు ఇంటికొచ్చి పాప నాలుగు గీతల నోటుబుక్కు వెనక పేజీ తీసి మధ్యలో ఒక గీత గీశా. ఎడంవైపు పని, కుడివైపు ఇల్లు అని రాసి, గుర్తున్న ప్రశ్నలకి ఒక్కోదానికి ఒక్కో గీత. పనికి 3, ఇంటికి 11. మా ఆయన చూసి ఏంటిది అన్నారు, చెప్తే కాసేపు ఆలోచించి "నన్ను ఒక్కసారి కూడా పాప ఎవరి దగ్గర ఉంటది అని అడగలేదు తెలుసా" అన్నారు. పాప పుట్టిన తర్వాత ఆయన కంపెనీ మారారు, రెండు చోట్ల ఇంటర్వ్యూలకి వెళ్ళారు. నాకు ఆ మాట ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేను, ఎందుకంటే అప్పటిదాకా ఎక్కడో లోపల నాలోనే ఏదో లోటు ఉందేమో, గ్యాప్ వల్లేమో అనుకుంటున్నా.

మూడోది విజయవాడలో ఒక ఆస్పత్రి, బిల్లింగ్ అండ్ అకౌంట్స్ పోస్టు. ఇక్కడ ఒక ఫారం ఇచ్చారు నింపమని. భర్త పేరు, భర్త ఉద్యోగం, పిల్లలెంతమంది, చిన్నబిడ్డ వయసు. పక్క కుర్చీలో అదే పోస్టుకి ఒకతను వచ్చాడు, ఒంగోలు అబ్బాయి, అతనిదీ అదే ఫారం, అతను ఆ కాలమ్స్‌లో అడ్డంగా గీత కొట్టేశాడు, వర్తించదు అన్నట్టు. అతనికి ఇద్దరు పిల్లలు. లోపల హెచ్‌ఆర్ మేడమ్ నా వయసే ఉంటది, "రెండో బేబీ ప్లాన్ ఉందా అండీ, ఫ్రాంక్‌గా చెప్పండి, ఏమనుకోవద్దు" అని నవ్వుతూ అడిగింది. జీతం 16,000 అంది. ఇంకొంచెం చూడండి అంటే "మీ ఆయన కూడా చేస్తున్నారుగా అండీ" అంది. కిందకి వచ్చాక క్యాంటీన్ దగ్గర ఆ ఒంగోలు అబ్బాయి కనపడ్డాడు, టీ తాగుతూ మాటల్లో చెప్పాడు, అతనికి 20,000 అన్నారంట, ఫ్యామిలీ ఉంది కదా అని వాళ్ళే అన్నారంట. ఫ్యామిలీ నాకూ ఉంది కదండీ. అతనికి ఉంటే 4,000 ఎక్కువ, నాకు ఉంటే 4,000 తక్కువ. అతని అనుభవం రెండేళ్ళు, నాది ఐదేళ్ళు. అతన్ని అనడానికేం లేదు పాపం, దాచకుండా చెప్పాడు, అతను చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు.

ఆ ఫారం సంగతి గుంటూరు కోర్టులో ప్రాక్టీస్ చేసే నా స్నేహితురాలికి చెప్తే తను ఒక కేసు చెప్పింది. ఎల్‌ఐసీలో చేరేటప్పుడు ఆడవాళ్ళ చేత డిక్లరేషన్ ఒకటి నింపించేవాళ్ళంట, అందులో నెలసరి తేదీలు, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, ఇవి కూడా రాయాలి. నీరా మాథుర్ అనే ఆవిడని ప్రొబేషన్‌లో ఉండగా కాన్పు సెలవు పెట్టిన తర్వాత తీసేశారు, ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్తే 1991లో కోర్టు ఆమెని తిరిగి తీసుకోమంది, అలాంటి కాలమ్స్ ఫారంలోంచి తీసెయ్యమంది. 1991 అంటే నేను పుట్టిన ఏడాది. ఇంకోటి కూడా చెప్పింది, 1976 నాటి సమాన వేతన చట్టం అంటే జీతాల గురించే అని అందరం అనుకుంటాం కానీ అందులో సెక్షన్ 5 ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు తేడా చూపించకూడదనే చెప్తుందంట. మేల్ ఓన్లీ అని రాసేవాళ్ళకి అది తెలీదు, చదివే నాకూ తెలీదు. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వేతనాల కోడ్ వచ్చింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది, అందులో సెక్షన్ 3 లో ఇదే విషయం మళ్ళీ పెట్టారు.

ఆస్పత్రి వాళ్ళకి నేను వద్దని చెప్పా. మిగతా వాళ్ళెవరూ మళ్ళీ ఫోన్ చేయలేదు, ఎందుకు వద్దనుకున్నారో కూడా చెప్పలేదు, చెప్తాం అన్నారు, అంతే. అది అన్నిటికన్నా కష్టంగా ఉండేది. ఫోన్ మోగితే చాలు పరిగెత్తేదాన్ని.

నాలుగోది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ డిస్ట్రిబ్యూటర్. చిన్న ఆఫీసు, ముందు కౌంటరు, వెనక గోడౌను, ఎక్కడ చూసినా ఆయిల్ మరకలే. సార్ ఎవరితోనో ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతూ నా రెజ్యూమె చూడకుండానే ఒక ఫైలు తోశారు నా ముందుకి, "ఇదేంటో చూడమ్మా, 2బి లో కొట్టట్లేదు" అని. అంటే మనం కొన్న బిల్లులు జీఎస్టీ సైట్‌లో జీఎస్టీఆర్-2బి లో కనపడాలి, కనపడకపోతే కట్టిన ట్యాక్స్ క్రెడిట్ రాదు. గంటసేపు కూర్చుని బిల్లు బిల్లూ టిక్ పెట్టుకుంటూ చూశా, తెలిసిపోయింది, ఒక సప్లయరు రెండు నెలల్నించి జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్ను, వెయ్యలేదు, అక్కడ 43,000 చిల్లర ఇరుక్కుంది. ఇంకో రెండు బిల్లుల్లో మన జీఎస్టీ నంబరు ఒక అక్షరం తప్పు పడింది. చెప్పా. ఆయన ఫోన్ పక్కన పెట్టి మొదటిసారి నా మొహం చూశారు. సోమవారం వచ్చెయ్ అన్నారు, 18,000. నోటుబుక్కులో ఆరోజు ఎడంవైపు గీతలే ఉన్నాయి. ఆయనేదో ఆడామగా సమానం అని ఆలోచించి అలా చేశారని నేననుకోను, ఆయనకి ఆ రోజు పని అర్జెంటు, పని అర్జెంటయ్యేసరికి పనే అడిగారు.

ఇక రెండేళ్ళు దాటి 2025కి వస్తా. సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్ట్స్ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 కి వచ్చింది కదా, మాకు అదొక పెద్ద తుఫాను. పాత రేటు మీద కొన్న స్టాకు, కొత్త రేటు మీద అమ్మకం, రిటర్న్ వచ్చే సరుకుకి పాత రేటు క్రెడిట్ నోటు, వేల ఐటమ్స్‌కి రేటు మార్చడం. నా ఒక్కదానివల్ల కావట్లేదు, అసిస్టెంట్ కావాలి అంటే సార్ సరే అని మొత్తం నాకే అప్పజెప్పారు. మెసేజ్ నేనే రాశా, మేల్ ఫీమేల్ అని పెట్టలేదు. 23 రెజ్యూమెలు వచ్చాయి. ఒక్కొక్కళ్ళకి ఫోన్ చేసి మాట్లాడి, పెన్సిల్‌తో మూలన చిన్నగా రాసుకుంటూ రెండు కట్టలు చేశా, పిలవాల్సినవి, వద్దనుకున్నవి.

ఒకమ్మాయి, పామర్రు వైపు, బాగా మాట్లాడింది. చివర్లో "మేడమ్, ఫిబ్రవరిలో నా పెళ్ళి కుదిరింది, ఓ పది రోజులు లీవ్ కావాలి, ముందే చెప్పడం మంచిది కదా అని" అంది. నేను సరేనమ్మా అని ఫోన్ పెట్టేసి, పెన్సిల్‌తో మూలన ఫిబ్రవరి పెళ్ళి అని రాసి, కింద గీత కొట్టి, వద్దనుకున్న కట్టలో పెట్టా. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే వెళ్ళింది.

సాయంత్రం గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, వారధి దాటుతున్నాం, అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దునే ఒకబ్బాయి కూడా చెప్పాడు, మార్చిలో పెళ్ళి మేడమ్, వారం లీవ్ కావాలి అని. నేను కంగ్రాట్స్ అన్నా. అతని రెజ్యూమె మీద ఏం రాశానో గుర్తు తెచ్చుకుంటే, టాలీ బాగా వచ్చు అని రాశా. పెళ్ళి గురించి ఏం రాయలేదు. అతను పిలవాల్సిన కట్టలో ఉన్నాడు. ఒళ్ళంతా చల్లబడింది నాకు. నన్ను అడిగిన 11 ప్రశ్నలూ అడిగిన పెద్దాయనకీ నాకూ ఆ రోజు తేడా లేదు, ఆయన కనీసం మజ్జిగ ఇచ్చి మొహం మీద అడిగాడు, నేను ఆ పిల్లకి తెలీకుండా పెన్సిల్‌తో తీసేశా.

ఉద్యోగంలోకి తీసుకునే చోట ఆడవాళ్ళు ఉంటే ఇవన్నీ ఉండవు అని నేను నిజంగా నమ్మేదాన్ని. ఆ వారంలోనే ఒక పరిశోధన గురించి చదివా, 2012లో అమెరికాలో 127 మంది సైన్స్ ప్రొఫెసర్లకి ల్యాబ్ మేనేజర్ పోస్టుకి ఒకే దరఖాస్తు పంపించారు, కొందరికి జాన్ అనే పేరుతో, కొందరికి జెన్నిఫర్ అనే పేరుతో, మిగతాదంతా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. జాన్‌కి సగటున ఏడాదికి 30,238 డాలర్లు ఇవ్వచ్చన్నారు, జెన్నిఫర్‌కి 26,508. అందులో ఆడ ప్రొఫెసర్లు కూడా మగవాళ్ళలాగే తక్కువ వేశారు. అది చదివినప్పుడు నాకు ఆస్పత్రి హెచ్‌ఆర్ మేడమ్ నవ్వు గుర్తొచ్చింది, వెంటనే నా పెన్సిల్ గుర్తొచ్చింది.

మర్నాడు రబ్బరుతో 23 రెజ్యూమెల మీదా రాసిందంతా చెరిపేశా. టాలీ అసలు ముట్టుకోని వాళ్ళని వదిలేసి 11 మందిని పిలిచి టెస్ట్ పెట్టా. మా ఫైల్లోవే 20 బిల్లులు జిరాక్స్ తీసి, పార్టీ పేర్లు కొట్టేసి ఇచ్చా, ఎంట్రీలు వెయ్యాలి, 2బి తో పోల్చి తేడాలు చెప్పాలి. జవాబు పేపర్ల మీద పేర్లు వద్దన్నా, ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు, ఏ నంబరు ఎవరిదో రాసిన చీటీ కౌంటర్‌లో ఉండే కుర్రాడి దగ్గర ఉంచమన్నా. సార్‌ని కూర్చోబెట్టి ఇద్దరం విడివిడిగా మార్కులు వేశాం. సార్ ముందు విసుక్కున్నారు, ఇదేమన్నా ఇంటర్ పరీక్షలా అన్నారు, రెండు పేపర్లు దిద్దాక ఆయనే లీనమైపోయారు.

ఫస్టు వచ్చింది 4వ నంబరు. చీటీ తెరిస్తే ఆవిడకి 38 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, తెనాలి నుంచి రావాలి. సార్ గడ్డం గోక్కున్నారు. "తెనాలి ఏంటమ్మా, రైలు లేటైతే? పిల్లలకి బాగోకపోతే?" అన్నారు. రెండో ర్యాంకు 9వ నంబరు, ఆ అబ్బాయిని తీసుకుందాం అన్నారు. "సార్, అతనిది కూడా తెనాలే" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు మాట బయటికొచ్చింది, "రేపు ఎవరన్నా ఆడపిల్లని తీసుకున్నా ఇంతే కదమ్మా, ఆరు నెలలు లీవంటారు, కూర్చోబెట్టి జీతం ఎవరిస్తారు, మనదేమన్నా పెద్ద కంపెనీనా".

ఇక్కడ మాత్రం నాకు తెలిసిన పని నాకు పనికొచ్చింది. మా షాపులో 14 మందిమి, ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, ఉంది, ప్రతినెలా 15 లోపు ఆ చలానా కట్టేది నేనే. యజమాని వాటా 3.25 శాతం, మనిషి జీతంలోంచి 0.75 శాతం. జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకి మొదటి ఇద్దరు పిల్లలకి కాన్పు సెలవు 26 వారాల డబ్బులు ఈఎస్ఐ వాళ్ళే ఇస్తారు, అంతకుముందు రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఒక్కోటి ఆరు నెలలు) కనీసం 70 రోజుల కాంట్రిబ్యూషన్ ఉంటే చాలు. యజమాని జేబులోంచి ఆ జీతం ఇవ్వక్కర్లేదు. ఆ డబ్బులు మీరు ఎన్నో ఏళ్ళ నుంచి కడుతూనే ఉన్నారు సార్ అని చలానాల ఫైలు తీసి చూపించా. సార్ నిజంగా ఆశ్చర్యపోయారు. ఈఎస్ఐ అంటే ఆయన దృష్టిలో ఆస్పత్రి, మందులు, అంతే. నాకూ ఒక సంగతి అప్పుడే తట్టింది, ఆ విజయవాడ ఆస్పత్రి వాళ్ళు నాకు చెప్పిన 16,000 కూడా ఈఎస్ఐ లోపే. రెండో బేబీ గురించి అడిగినావిడ ఆ ఖర్చు ఎవరిదో లెక్క చూసి అడగలేదు. చాలామంది యజమానులు అసలు పెట్టాల్సిన అవసరమే లేని ఖర్చుకి భయపడి ఆడపిల్లల్ని వద్దంటున్నారు, అకౌంటెంటుని ఒక్కమాట అడిగితే తెలిసేదానికి.

తెనాలి ఆవిడ నవంబర్ మొదట్లో చేరారు, 17,000. అబ్బాయికి ఎంత అనుకున్నామో అంతే, నేను ముందే అంకె పేపరు మీద రాయించి సార్ చేత సంతకం పెట్టించా. ఇప్పటిదాకా రైలు వల్ల రెండుసార్లు లేటయ్యారు, రెండుసార్లూ ముందే ఫోన్ చేశారు.

పామర్రు అమ్మాయి ఐదో ర్యాంకు వచ్చింది. ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాలని నేనే అనుకున్నా, సెలక్ట్ కాలేదమ్మా అన్నా. అటునుంచి కాసేపు ఏం వినపడలేదు. "పెళ్ళి గురించి ముందే చెప్పినందుకా మేడమ్" అంది. కాదమ్మా, నీ పేపరు నా ముందే ఉంది, లారీ ఫ్రైట్ బిల్లులు మూడు ఇచ్చాం కదా, వాటికి రివర్స్ చార్జ్ కింద, అంటే లారీ వాళ్ళ బదులు, 5 శాతం మనం కట్టి మళ్ళీ క్రెడిట్ తీసుకోవాలి, నువ్వు మూడింటినీ మామూలు ఖర్చులో వేసేశావు, అక్కడే పోయింది, మిగతాదంతా బాగుంది అన్నా. "ఒక్క నిమిషం ఆగండి మేడమ్, పెన్ను తెచ్చుకుంటా" అంది.